మిస్సమ్మ పెళ్లి: మతమా, వరసా, కాపురమా?

మిషన్ బళ్లో పాఠాలు చెప్పే పెళ్లికాని టీచరమ్మను కోస్తా జిల్లాల్లో పాతతరం వాళ్లు 'మిస్సమ్మ గారు' అనేవాళ్లు. మిస్ అంటే పెళ్లి కాలేదని. అమ్మ అంటే ఆడమనిషికి మనం ఇచ్చే మర్యాద, పైగా తల్లి. ఇంగ్లీషు మాటకు తెలుగు మాట అతికితే పుట్టిన ఈ పిలుపులో ఒక పెళ్లికాని పిల్ల అమ్మ అయిపోయింది. 1955 జనవరి 12న విడుదలైన విజయా వారి 'మిస్సమ్మ' కథంతా ఆ అతుకు దగ్గరే ఉంది.

ఆ సినిమా గురించి ఎవరిని కదిలించినా ముందు రేలంగి, రమణారెడ్డి గుర్తొస్తారు. తర్వాత పాటలు, ఆ తర్వాత సావిత్రి కోపం. కానీ ఒక్క ప్రశ్న అడిగి చూడండి: చివరికి మిస్సమ్మది మతాంతర వివాహమా, కాదా? ఇంట్లో నలుగురుంటే నాలుగు జవాబులు వస్తాయి. క్రైస్తవ పిల్ల హిందూ కుర్రాణ్ణి చేసుకుంది కదా అంటారు ఒకరు. అబ్బే, ఆ పిల్ల పుట్టుకతో హిందువే అని తేలింది కదా అంటారు ఇంకొకరు. ఇద్దరూ చూసింది ఒకే సినిమా. ఈ చిక్కుముడిని నిదానంగా విప్పుకుంటూ పోతే పెళ్లి గురించి తెలుగువాళ్లు అప్పుడేమనుకున్నారో, ఇప్పటికీ లోపల ఏమనుకుంటున్నారో బయటపడుతుంది.

ముందు కథ ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం. దీని మూలం బెంగాలీలో ఉంది. రవీంద్రనాథ్ మైత్ర రాసిన 'మానమయీ గర్ల్స్ స్కూల్' అనే నాటకం నుంచి దొంగ దంపతుల కథ, శరదిందు బందోపాధ్యాయ రాసిన ఒక డిటెక్టివ్ కథ నుంచి తప్పిపోయిన పిల్ల కోసం వెతుకులాట వచ్చాయి. ఈ రెంటినీ ముడేసింది చక్రపాణి. శరత్ నవలలను తెలుగులోకి తెచ్చి, 'చందమామ'ను నడిపిన తెనాలి మనిషి ఆయన. బెంగాలీ కథను మన వాకిట్లో కూర్చోబెట్టడం ఆయనకు చేతి అలవాటు. అంతకుముందు ఏడాది భారీ ఖర్చుతో తీసిన 'చంద్రహారం' ఆడలేదు. ఆ తర్వాత నాగిరెడ్డి-చక్రపాణి ఇలాంటి ఇంటి కథ ఎత్తుకున్నారు. ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు పాటలు, సాలూరి రాజేశ్వరరావు సంగీతం, మార్కస్ బార్ట్‌లీ కెమెరా. మిస్సమ్మ అసలు పేరు మేరీ; ఆ పాత్రకు ముందు భానుమతిని పెట్టుకుని కొన్ని రీళ్లు తీశారు కూడా. నిర్మాతకూ ఆవిడకూ పొసగక ఆవిడ తప్పుకున్నారు. సీత పాత్రకు అనుకున్న సావిత్రి మేరీ అయింది, సీతగా జమున వచ్చింది. తమిళంలో జెమినీ గణేశన్‌తో 'మిస్సియమ్మ'గా అదే నెలలో విడుదలైంది. ఇదంతా తెలుగు సినిమా చరిత్ర చదివేవాళ్లకు తెలిసిందే. మనకు కావలసింది కథలోని ముడి.

అప్పాపురం జమీందారు గోపాలం. ఎస్.వి. రంగారావు వేశాడు. పెద్దకూతురు మహాలక్ష్మి చిన్నప్పుడు కాకినాడలో తప్పిపోయింది. ఆ పిల్ల పేరు మీద బడి నడుపుతున్నాడు. బడి సరిగ్గా సాగడం లేదని, బి.ఏ. చదివిన భార్యాభర్తలు కావాలని పేపర్లో ప్రకటన వేయించాడు. ఉద్యోగం లేని రావుకూ, ఉద్యోగం లేని మేరీకీ చెరొక డిగ్రీ ఉంది గానీ పెళ్లి లేదు. రావు ఒంటరివాడు, దేన్నయినా నవ్వుతూ తీసుకుంటాడు. మేరీకి నవ్వే తీరిక లేదు. ఇంటి మీద డేవిడ్ అప్పు ఉంది. అప్పు తీర్చలేకపోతే నన్ను పెళ్లి చేసుకో అంటాడు డేవిడ్. కాబట్టి ఒక పెళ్లి తప్పించుకోవడానికి ఆమె ఇంకో పెళ్లి నటించాల్సి వచ్చింది. ఈ మాట కాస్త నిలిచి ఆలోచించదగ్గది. సరదాకి వేసిన వేషం కాదు ఆమెది. మెడ మీద అప్పున్న ఆడపిల్ల జీతం కోసం వేసిన వేషం.

అక్కడి నుంచి కథ తలకిందులుగా నడుస్తుంది. మన సినిమాల్లో ఒక వరస ఉంటుంది. చూపులు కలుస్తాయి, పెద్దలు అడ్డుపడతారు, పెళ్లవుతుంది, కాపురం పెడతారు, ఊరు గౌరవిస్తుంది, సీమంతం చేస్తారు. 'మిస్సమ్మ'లో ఈ మెట్లన్నీ ఉన్నాయి, కిందివి పైకీ పైవి కిందికీ మారి. మొదట ఒక ఇల్లు, ఒకే కప్పు కింద కాపురం. తర్వాత ఊరి గౌరవం. ఆ తర్వాత, అవును, సీమంతం. ప్రేమ అటుపైన మెల్లగా వచ్చింది. పెళ్లి అన్నిటికన్నా ఆఖరున.

సీమంతం ఘట్టం దగ్గర ఆగాలి. పెళ్లే కాని పిల్లను పీట మీద కూర్చోబెట్టి ముత్తయిదువులు మంగళప్రదంగా పాడుతుంటారు. 'శ్రీ జానకీదేవి సీమంతమలరే' అని పాట. లీల, సుశీల పాడారు. ఆ పాట ఈనాటికీ కొన్ని ఇళ్లల్లో నిజం సీమంతాల్లో పాడుతున్నారు. ఎవరి కోసం పుట్టిన పాటో పాడేవాళ్లకు గుర్తు లేదు, గుర్తున్నా పట్టింపు లేదు. మా నాయనమ్మతో కూర్చుని టీవీలో ఈ సినిమా చూసినప్పుడు ఆవిడ ఈ పాట రాగానే చేతిలో చిక్కుడుకాయలు పళ్లెంలో పెట్టేసింది. 'పాపం, ఆ పిల్ల మొహం చూడవే, గంధం పూస్తుంటే కాలినట్టు చూస్తోంది' అంది. నేను అంతకుముందు నాలుగుసార్లు చూశాను గానీ సావిత్రి మొహాన్ని అలా చూడలేదు. చుట్టూ అందరూ పొంగిపోతుంటే ఆమె ఒక్కతీ ఒదిగి ఒదిగి కూర్చుంటుంది. అబద్ధం తనది. అవతల ప్రేమ మాత్రం నిజం. గోపాలం భార్య పెడుతున్న గంధం తప్పిపోయిన తన కన్నకూతురికే పెడుతున్నానని తల్లికీ తెలియదు, కూతురికీ తెలియదు. చూసే మనకు తెలుసు.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. మేరీ మీద ఈ కథలో ముగ్గురికి హక్కుంది, లేదా ఉందని ఎవరో ఒకరు అనుకుంటున్నారు. ఒకడు డేవిడ్. అతనిది మేరీ మతమే. చర్చిలో ఎవరూ అడ్డు చెప్పని సంబంధం. రెండోవాడు రాజు, అక్కినేని నాగేశ్వరరావు. గోపాలానికి మేనల్లుడు. తప్పిపోయిన మహాలక్ష్మి ఎప్పటికైనా దొరికితే రాజుకే ఇచ్చి చేయాలని గోపాలం అనుకుని కూర్చున్నాడు. డిటెక్టివ్‌నని నమ్మే ఈ కుర్రాడు, కుడిపాదం మీద పుట్టుమచ్చ గుర్తు పట్టుకుని మరదల్ని వెతుకుతుంటాడు. 'దేవదాసు' తర్వాత నాగేశ్వరరావు ఇలాంటి వేషం ఒప్పుకోవడం వల్ల ఆ పాత్రకు ఒక అమాయకపు తేజం వచ్చింది. మూడోవాడు రావు, ఎన్.టి. రామారావు. అతనికి మతం కలవలేదు, వరస లేదు. ఉన్నదల్లా కొన్ని నెలల దొంగ కాపురం.

డేవిడ్‌కు మతం. రాజుకు వరస. రావుకు కాపురం. మన ఊళ్లల్లో ఇప్పటికీ సంబంధం మాట రాగానే తూకంలో పెట్టే రాళ్లు ఇవే. మనవాళ్లేనా అని మొదటి ప్రశ్న, వరసవుతారా అని రెండోది. ఇద్దరికీ పొసుగుతుందా అన్నది అడిగితే ఆఖర్న అడుగుతారు. చక్రపాణి ఆ ఆఖరి రాయిని ఎత్తి ముందు పెట్టాడు. ఎలాగంటే, మిగతా రెండు హక్కులూ మాటలుగా ఉండగానే మూడోదాన్ని మన కళ్లెదుట రోజుకింత పెంచాడు. పోట్లాట, అలక, గోపాలం చిన్నకూతురు సీతకు రావు సంగీతం నేర్పుతుంటే మేరీకి కలిగే కినుక, ఆమె కోపాన్ని రావు చిరునవ్వుతో దాటేయడం. కాపురం అంటే ఇదే కదా.

'రావోయి చందమామ' పాట ఈ మొత్తం వ్యవహారానికి దస్తావేజు లాంటిది. వెన్నెల్లో ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. చంద్రుడితో మొరపెట్టుకుంటారు, ఒకరి మీద ఒకరు. ఎ.ఎం. రాజా గొంతులో రావు అంటాడు: ఆమె మతం ఆమెదేనట, మన మతం ఆమెకు పడదట, మనం, మనది అన్న మాట తను అనదు, నన్ను అననివ్వదు. పింగళి అక్కడ మతం అన్న మాట ఊరికే వాడలేదు. తెలుగులో మతం అంటే దేవుణ్ణి కొలిచే తీరు, మనిషి అభిప్రాయం కూడా. పంతులు గారి మతమేమిటి అని అడిగితే ఏ దేవుణ్ణి మొక్కుతాడని కాదు కదా, ఏమనుకుంటున్నాడని. ఒకే మాటతో కవి క్రైస్తవ-హిందూ తేడాను మొగుడూపెళ్లాల రోజువారీ పేచీ పక్కన కూర్చోబెట్టాడు. మతం తేడా అన్నది ఉప్పు ఎక్కువైంది, తక్కువైంది అన్నంత ఇంటి విషయమై పోయింది. ఇంతకన్నా మృదువుగా ఆ రోజుల్లో ఆ మాట అన్నవాళ్లు నాకు తెలియదు.

తర్వాత లీల గొంతులో మేరీ వంతు వస్తుంది. తనతో తగవు పడటమే అతనికి ముచ్చటేమో అంటుంది. ఈ కాపురం ఎలా సాగాలో నువ్వే ఓ కంట కనిపెట్టుకో అని చంద్రుణ్ణి అడుగుతుంది. చూడండి, ఊరి ముందు నటించాల్సిన పని లేని చోట, ఎవరూ వినని చోట, ఆ పిల్ల నోటి నుంచి కాపురం అన్న మాట వచ్చింది. నా లెక్కలో మేరీ పెళ్లి అక్కడే అయిపోయింది. తర్వాత వచ్చేవి చట్టం, శాస్త్రం, పుట్టుమచ్చ.

చట్టం మాట కూడా చూద్దాం, ఎందుకంటే ఈ సినిమా వచ్చిన కాలం మామూలుది కాదు. ప్రత్యేక వివాహ చట్టాన్ని 1954లో పార్లమెంటు చేసింది, అది 1955 జనవరి 1న అమల్లోకి వచ్చింది. సరిగ్గా పదకొండు రోజులకు 'మిస్సమ్మ' తెర మీదికొచ్చింది. అంతకుముందు 1872 నాటి చట్టం ఉండేది. దాని కింద రిజిస్టర్ పెళ్లి చేసుకోవాలంటే నాకు ఈ మతాలేవీ లేవని ప్రకటించాలి. 1923లో హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు తమలో తాము చేసుకుంటే ఆ ప్రకటన అక్కర్లేదని సడలించారు గానీ, హిందువుకూ క్రైస్తవురాలికీ ఆ వెసులుబాటు రాలేదు. క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైతే చాలు, ఆ దారిన పెళ్లి జరగొచ్చు. అప్పుడు అది చర్చి వైపు మొగ్గిన పెళ్లవుతుంది. కొత్త చట్టం మొదటిసారిగా, ఎవరి మతం వాళ్లు ఉంచుకుని సంతకం పెట్టండి అంది. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. ముగ్గురు సాక్షులు కావాలి.

అంటే రావు, మేరీ ముందు అప్పటికే ఒక తలుపు తెరిచి ఉంది. పుట్టుమచ్చతో పనిలేకుండా పెళ్లి చేసుకోవచ్చు. కానీ ఆ తలుపుకు ఒక గడియ ఉంది. పెళ్లికి ముందు నోటీసు ఇవ్వాలి, అది ఆఫీసులో అందరికీ కనబడేలా అంటిస్తారు, అభ్యంతరాలకు ముప్పై రోజుల గడువు. ఫలానా రావు, ఫలానా మేరీ పెళ్లి చేసుకోదలిచారు అని గోడ మీద కాగితం పడితే అప్పాపురం ఏమనుకుంటుంది? ఇన్నాళ్లూ వీళ్లు మొగుడూపెళ్లాలు కారా అనదూ? ఊళ్లో అందరూ పెళ్లయిందనుకుంటున్న వాళ్లకు పెళ్లి చేసుకునే దారి మూసుకుపోయింది. ఈ ముడి ఎంత గట్టిదో సినిమా పనిగట్టుకుని చెప్పదు, కానీ డేవిడ్ ఊళ్లోకి దిగబడ్డప్పుడు మనకు చెమటలు పట్టేది అందుకే. ముప్పై రోజుల నోటీసు భయం ఇప్పటికీ పోలేదు. మతం వేరైన జంటలు ఈనాటికీ ఆ గోడ కాగితానికే జంకుతారు.

ఇక పుట్టుమచ్చ. కుడిపాదం మచ్చ, చిన్ననాటి ఫోటో కలిసి మేరీయే మహాలక్ష్మి అని తేలుస్తాయి. చాలామంది విమర్శకులు ఇక్కడ పెదవి విరుస్తారు. అంత దూరం వచ్చి, ఆ పిల్ల మనింటిదే అని తేల్చి తప్పించుకున్నారు అంటారు. ఆ మాటలో న్యాయముంది. నాకూ ఆ చోట మనసు కలుక్కుమంటుంది, వేరే కారణానికి. మేరీమాతను కరుణించమని మనసారా పాడిన పిల్ల ఆమె. పెంచినవాళ్లు ఇచ్చిన పేరు, పెంచినవాళ్ల ప్రార్థన ఆమెవి. పాదం మీద మచ్చ ఎవరి కడుపున పుట్టిందో చెబుతుంది గానీ ఎవరికి మొక్కుకుంటుందో చెప్పలేదు. అదే ఏడాది మే 18న అమల్లోకి వచ్చిన హిందూ వివాహ చట్టం ముందు పెట్టినా ఇది తేలిక ప్రశ్న కాదు. తల్లిదండ్రులిద్దరూ హిందువులైతే బిడ్డను హిందువుగా లెక్కిస్తుంది ఆ చట్టం. మతరీత్యా క్రైస్తవులైనవాళ్లకు వర్తించదనీ అంటుంది. మేరీ ఈ రెండు గీతల మధ్య నిలబడింది. సినిమా ఆ ప్రశ్న అడగకుండా మంగళసూత్రం వైపు నడిచింది.

కానీ విమర్శకులు వదిలేసే సంగతి ఒకటుంది. పుట్టుమచ్చ దొరికిన క్షణంలో మతం చిక్కు విడిపోయిన మాట నిజమే. అదే క్షణంలో కొత్త చిక్కు పడింది. ఆ పిల్ల మహాలక్ష్మి అయితే రాజుకు మరదలు. ఇన్నేళ్లూ గోపాలం కాచుకున్న వరస అదే. తెలుగువాళ్లలో మేనరికం అంటే మాట ఇచ్చినట్టే. హిందూ వివాహ చట్టం అన్నాచెల్లెళ్ల పిల్లల మధ్య పెళ్లిని నిషిద్ధ సంబంధాల్లో చేర్చి, ఆచారం ఉంటే సరే అని మినహాయింపు పెట్టింది, దక్షిణాదిలో ఆ ఆచారం వేళ్లు ఎంత లోతుగా ఉన్నాయో తెలిసే పెట్టింది. పుట్టుకే ప్రమాణం అనుకుంటే మహాలక్ష్మి రాజుకే చెందాలి. పుట్టుక చెప్పినట్టు వినాలనుకుంటే పూర్తిగా వినాలి.

చక్రపాణి అలా చేయలేదు. పుట్టుకను మతం దగ్గర వరకే మాట్లాడనిచ్చాడు. మొగుడెవరో చెప్పే దగ్గర దాని నోరు మూయించాడు. అప్పటికే రాజు మనసు సీత దగ్గరుంది, మేరీ మనసు రావు దగ్గరుంది. గోపాలానికి మేనరికం నష్టం కాకుండా చిన్నకూతురితో ఆ బాకీ తీరింది. పెద్దకూతురు మాత్రం వరసతో పనిలేని మనిషికి దక్కింది. డేవిడ్ మతం చూపించి ఓడాడు. రాజు వరస ఉండి పక్కకు తప్పుకున్నాడు. మతమూ వరసా లేనివాడు, నెలల తరబడి ఆమె కోపం భరించినవాడు, ఆమెను పెళ్లాడాడు.

అందుకే మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది. కాగితం మీద ఇది మతాంతర వివాహం కాకుండా జాగ్రత్తపడ్డారు. రావు ప్రేమించింది మేరీని. మహాలక్ష్మి సంగతి తెలియక ముందే ప్రేమించాడు. మేరీ అతన్ని మెచ్చింది కూడా మేరీగా ఉన్నప్పుడే. మచ్చ ముందు దొరికి, ప్రేమ తర్వాత పుట్టి ఉంటే ఇది వేరే సినిమా అయ్యేది. ఆ రెండు ఘట్టాలను ఏ క్రమంలో పెట్టాలన్న దగ్గరే రచయిత తన అభిప్రాయం చెప్పేశాడు. 1955లో ఊళ్ల టూరింగ్ టాకీసుల్లో, నేల మీదా బెంచీల మీదా కూర్చునే జనానికి, ఇంటిల్లిపాదికీ కలిపి చూపించాల్సిన సినిమాలో అంతకన్నా గట్టిగా చెప్పడం ఆయనకు కుదరలేదేమో, ఆయన చెప్పదలుచుకోలేదేమో. క్రమం మాత్రం అలాగే ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు.

మా నాయనమ్మది మేనరికమే, బావనే చేసుకుంది. ఆ రోజు సినిమా అయ్యాక అడిగాను, 'అదేంటి నాయనమ్మా, వరసైనవాడు ఇంట్లోనే ఉంటే పెద్దపిల్లను రావుకు ఇచ్చారేంటి?' అని. ఆవిడ చిక్కుడుకాయల పళ్లెం మళ్లీ ఒళ్లోకి తీసుకుంటూ, 'ఇదేం ప్రశ్నే, వాళ్లు అన్నాళ్లు కాపురం చేశారుగా' అంది.